తెరచాప ఓడలపై తెలుగు కళాసీల దినచర్య

మా దువ్వూరునకు సముద్రము ఇంచుమించు నూరు మైళ్ల దూరమున నున్నది. మా గ్రామములో పుట్టి, అచ్చటనే ముసలివారై, ఉప్పునీటిని ఒక్కసారియైనను కంట జూడక గడచిపోయినవా రెందరో కలరు. అట్టి యూరివాడు ఓడలను గూర్చియు, ఓడలపై పనిచేసిన కళాసీలను గూర్చియు ముచ్చటింప బూనుట కొందరికి వింతగా తోపవచ్చును. కాని మా పొలముల దాపున పారు కుందూనది పెన్నలో కలియును. పెన్న నెల్లూరు మండలములో ఊటుకూరుకడ సముద్రములో కలియును. నీరు పోయిన దిక్కునకే సరకులును పోయినవి. పందొమ్మిదవ శతాబ్దమున కడపసీమ నీలిమందు బండ్లమీద చెన్నపట్టణము చేరి, అచ్చట తెరచాప ఓడల నెక్కి సీమకు పోయెడిది. మా పంటకాలువయైన కర్నూలు-కడప కాలువయు 1860 తరువాతి దశాబ్దమున త్రవ్వబడినపుడు సేద్యమునకు మాత్రమేగాక పడవల రాకపోకలకును ఉద్దేశింపబడినదే. దానిని త్రవ్వించిన కంపెనీ నష్టముల పాలై, 1882లో ప్రభుత్వమునకు అమ్మివేసెను. పడవలు పోయినవి, నీరు మిగిలినది.

బాల్యమున నేను అమరకోశము వల్లెవేసితిని. వారివర్గములో ఓడకు సంబంధించిన పదము లనేకములు కలవు. తెరచాప కట్టు కంబమునకు కూపకము, గుణవృక్షకము అని పేర్లు. చుక్కానికి అరిత్రము, కేనిపాతకము. దానిని పట్టువాడు కర్ణధారుడు. ఈ మాటలన్నియు మాకు కంఠస్థములే. వాని కర్థమైన వస్తువు మాత్రము మాలో నెవ్వరును చూచినది లేదు. పాఠము చెప్పిన గురువుగారును చూచియుండలేదు. అదే గురువుగారు ధర్మశాస్త్రమున సముద్రయానము పాతకమని బోధించిరి. బౌధాయనుడు పతనహేతువులను లెక్కించుచు సముద్రప్రయాణమును మొట్టమొదట పేర్కొనెను. తరువాతి నిబంధనకారులు దానిని కలివర్జ్యములలో చేర్చిరి. ఈ వాక్యములను పట్టుకొని తెలుగువారు సముద్రమునకు వెరచిన జాతి యని చెప్పువారు నేటికిని కలరు. నా కీ వాదము రుచింపదు. ఎవ్వరును చేయని పనిని నిషేధింపవలసిన యగత్యము శాస్త్రకారునకు లేదు గదా! ఓడ నెక్కరాదని వ్రాసినవాడు ఒడ్డున నుండెను. ఓడ నెక్కినవాడు వ్రాయలేదు. చిక్కంతయు ఇందే యున్నది.

వ్రాయనివాని చరిత్రకు ఆధారము లేవి? మొదట నాణెములు. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమునాటి శాతవాహన ప్రభువుల సీసపు నాణెములు కొన్నిటిపై రెండు కంబముల ఓడ బొమ్మ కలదు. రాజు తన నాణెముపై ఓడను ముద్రించెననగా ఆ రాజ్యమున ఓడ చూడని వింత కాదన్నమాట. ఆ శతాబ్దపు వాడేయైన టాలమీ యను యవన భూగోళశాస్త్రజ్ఞుడు కృష్ణాముఖ ప్రాంతమును మైసోలియా యని పిలిచి, ఆ తీరమున నొకచోటనుండి ఓడలు గట్టు విడిచి నడిసముద్రమున సువర్ణభూమికి మరలునని వ్రాసెను. గట్టు విడిచిపోవుట యనునది సామాన్యమైన సాహసము కాదు. తీరము కానవచ్చుచుండగా నడచు పడవకు తాటితోపులును కొండలును గుర్తులు. గట్టు మరుగైన తరువాత చుక్కలే దిక్కు.

మోటుపల్లి శాసనమునకు నే నెక్కువ విలువ నిత్తును. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244-45లో ఆ రేవున ఒక యభయశాసనము వ్రాయించెను. దాని సారాంశ మిది: పూర్వరాజులు గాలివానకు చెడి తమ తీరమున కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకంతయు బలాత్కారముగ గైకొనుచుండిరి, ఇకమీదట నిర్ణయించిన సుంకము తప్ప మరేమియు తీసికొనబడదు, ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, పన్నీరు, ముత్యములు, దంతము, పట్టు, రాగి, మిరియములు మున్నగువానికి వేరువేరుగ పన్నులు చెప్పబడినవి. చరిత్రకారులు దీనిని రాజు ఔదార్యమునకును వర్తక విధానమునకును సాక్ష్యముగ చూపుదురు. మంచిదే. నాకు మాత్రము ఆ శాసనములో మరియొక దృశ్యము కానవచ్చును. ఓడ పగిలి, ఒక కొయ్యను కౌగిలించుకొని, ఉప్పునీరు మ్రింగి, ఎట్లో యిసుకపై పడినవాని యెదుట రాజభటులు వచ్చి సరకు మూటలు లెక్కపెట్టుకొనుచుండిరి. శాసనము పుట్టకముందు ఎన్ని తరములవారి కా గతి పట్టెనో ఊహించుకొనుడు. కొండవీటి అనవోత రెడ్డియు 1358లో అదే రేవున వర్తకులకు మరల అభయ మొసగుట చూడగా, ఇట్టి మాట యొకసారి యిచ్చిన చాలదని తేలుచున్నది.

శ్రీనాథుడు తన హరవిలాసమును అవచి తిప్పయసెట్టికి అంకితమిచ్చెను గదా. ఆ సెట్టి కుమారగిరి రెడ్డికి సుగంధద్రవ్యములు సమకూర్చిన వర్తకుడు. కృత్యాదిలో కవి ద్వీపాంతరముల పేళ్లతోబాటు కప్పలి, జోంగు, వల్లి, వలికా, సమ్మను అను ఓడల జాతులను గూడ పేర్కొనెను. కప్పలి యరవముతోను, జోంగు మలయ భాషతోను సంబంధించిన మాటలు. కవిసార్వభౌముడు ఓడల పేళ్లు చెప్పెను, సరకుల పేళ్లు చెప్పెను, సెట్టి పేరు చెప్పెను. తెరచాప లాగినవాని పేరు చెప్పలేదు. చెప్పలేదని కవిని నిందింపను. కృతి యిచ్చినది సెట్టికే గాని కళాసీకి గాదు.

పదునేడవ శతాబ్దమునకు వచ్చునప్పటికి మచిలీపట్టణము గోలకొండ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605లోను, ఆంగ్లేయులు 1611లోను అచ్చట దిగిరి. పెగూ, అరకాను, అచ్చిన్, పారసీక తీరము మున్నగు చోట్లకు అచ్చటనుండి ఓడలు పోయెడివి. ఓడల కట్టుబడికి మాత్రము నరసాపురమును, దాని ప్రక్కనున్న మాధవాయపాలెమును పేరుమోసినవి. ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ తీరమున తిరిగిన టామస్ బౌరీ యను ఆంగ్ల నావికుడు అచ్చటి వడ్రంగుల పనితనమును, కలప మేలును, కూలి చౌకదనమును ప్రశంసించెను. గోదావరిమీద దిగివచ్చిన టేకును కోసి, పలకల సందులలో నారక్రుక్కి, గుగ్గిలము కాచిపోసి, కొయ్యను తొలుచు సముద్రపు పురుగు పట్టకుండ అడుగుభాగమునకు సున్నమును నూనెయు కలిపిన పూత పూయుట ఆనాటి పద్ధతి. మాధవాయపాలెము పేరు ఒక నూలుబట్టకు సీమలో నేటికిని నిలిచియున్నది. ఓడల మాట అచ్చటనే మరుగుపడినది.

నరసాపురము తగ్గినకొలది కోరంగి పెరిగెను. గోదావరి పాయ యొకటి సముద్రమున గలియు చోట, యానామునకు దాపున నున్న ఈ రేవు పదునెనిమిదవ శతాబ్దము చివరను, పందొమ్మిదవ శతాబ్దము మొదటను ఓడల కట్టుబడికిని, మరమ్మతునకును తూర్పుతీరమున గొప్ప స్థానము. బంగాళాఖాతమున తిరుగు రెండు కంబముల ఓడ లెన్నియో కోరంగివి. బర్మాలో తెలుగు కూలివానికి కోరంగీ యను పేరే వచ్చెననగా ఆ రేవునుండి పోయిన జనము ఎంతయో తెలియును. ఆ ఓడలపై పనిచేసినవారు వాడబలిజలు, జాలరులు, పల్లెకారులు, మహమ్మదీయులు. వాడబలిజ యనుటలో వాడ యనగా ఓడయే. ఓడ పేరే కులము పేరైనవారుండగా, తెలుగువారికి సముద్ర మెరుగరానిదని యెట్లందుము?

ఇక ఆ జనుల భాష వినుడు. కళాసీలపై పెద్ద సారంగు. వానికి లోబడినవాడు తండేలు; తీరమున నేటికిని పడవ పెద్దను తండేలనియే పిలుతురు. చుక్కాని యనునది మనము అచ్చతెనుగని తలచు మాట. అది అరబ్బీ సుక్కానునుండి వచ్చినది. లంగరు పారసీకము. నాఖుదా యనగా పారసీకమున ఓడకు ప్రభువు. దారి చూపువాడు మాలిము. అనగా అరబ్బీలో గురువు, మా వృత్తివాడే. వంటవాడు భండారీ. బరువు నెత్తునపుడు హబేస్ అనియు, దింపునపుడు ఆరియా అనియు కేకలు. ఈ రెండవది పోర్చుగీసువారినుండి వచ్చినది. ఒక్క ఓడపై ఇన్ని దేశముల మాటలు కలిసి, ఎవరి వ్యాకరణమునకును లొంగని యొక భాష పుట్టెను. టామస్ రోబక్ అను సైనికోద్యోగి దానిని ఆంగ్లముతో జతపరచి 1811లో కలకత్తాలో ఒక నౌకానిఘంటువు ప్రకటించెను. దొర కళాసీకి చెప్పవలసిన మాటలకే అందు ప్రాధాన్యము. మన కడపలో కొంతకాల ముద్యోగము చేసిన బ్రౌను దొరగారి 1852 నాటి తెలుగు నిఘంటువులోను చుక్కానియు లంగరును చేరినవి. పండితులు గ్రామ్యమని త్రోసిన మాటల కాయన చోటిచ్చెను. అందుకు మనము కృతజ్ఞులము.

తెరచాప ఓడ ఏ దేశపుదైనను దానిపై పని యించుమించుగ నొక్కటే. తెల్లవారక మునుపే కళాసీ లేచును. ఉప్పునీరు చేదతో తోడి పైతట్టు కడుగవలెను. ఇది శుభ్రత కొరకు మాత్రమే యనుకొనరాదు. ఎండకు పలకలు ఎండి విచ్చుకొన్నచో సందులలోనుండి నీరు దిగును. తడిసిన కొయ్య యుబ్బి బిగిసికొని యుండును. ఎంత బాగుగ కట్టిన ఓడకైనను అడుగున నీరు ఊరకమానదు. దానిని ప్రతిదినము తోడిపోయవలెను. తోడిన నీటి కొలతనుబట్టి ఓడ ఆరోగ్యము తెలియును. ఒకనాడు ఎక్కువ యూరెనా, సారంగు ముఖము మారును. పిమ్మట మోకుల పని. ఓడపై నున్న మోకు లన్నియు ఎక్కడనో యొకచోట ఒరసికొనుచు అరుగుచుండును. అరిగినదానిని కోసి, పురులు విప్పి, మరల పేని అతుకవలెను. చినిగిన చాపను కుట్టవలెను. మోకు లాగునపుడు పదిమంది బలము ఒక్క క్షణమున పడుటకై పాట కావలెను. ఒకడు పల్లవి యెత్తుకొనును. తక్కినవారు ఊతపదమున లాగుదురు. మా సీమలో బండరాయి దొర్లించువారును ఇట్లే చేయుదురు.

గాలి మారినపుడు నిద్ర లేదు, తిండి లేదు. కంబము నెక్కి, అడ్డకొయ్యపై కడుపు ఆనించి, క్రింద కట్టిన మోకుపై వట్టి పాదములు మోపి, కొట్టుకొనుచున్న చాపను రెండు చేతుల చుట్టగట్టి కట్టవలెను. క్రిందనున్నవానికి ఓడ కొంచెము ఒరిగినట్లు తోచును. కంబము కొనయందున్నవాడు అదే సమయమున ఆకాశమున గొప్ప చాపము గీయుచుండును. ఒక చేయి ఓడకు, ఒక చేయి ప్రాణమునకు కావలెను. తడిసి బిగిసిన చాప మాత్రము రెండు చేతులను కోరును. రాత్రి వాన కురియుచుండగా ఈ పని చేయవలసివచ్చినవాని స్థితి నేను మాటలలో చెప్పలేను.

ఆంగ్ల నౌకలపై దినమును నాలుగేసి గంటల కావలులుగ విభజింతురు. అరగంటకొక గంట కొట్టుదురు. ఎనిమిది గంటలు మ్రోగగానే కావలి మారును. మన లెక్కలో నాలుగు గంటలు పది గడియలు, అరగంట గడియయుంబాతిక. కావలులు ఆరే యైనచో ఒక్కనికే ప్రతిరాత్రియు నడిరేయి కావలి వచ్చును గదా. అందుచేత సాయంకాలపు కావలిని రెండు చిన్న కావలులుగ చీల్చి ఏడు చేసిరి. దానివలన వంతు దినదినము మారును. ఎవడో బుద్ధిమంతుడు చేసిన లెక్క యిది; పాఠశాలలో భాగహారము చెప్పునపుడు బాలురకు దీనిని చూపితిని, సంతోషించిరి. అయినను ఈ కావలి లెక్కవలన ఒక్కసారి నాలుగు గంటలకు మించి నిద్ర దొరకుట యరుదు.

చుక్కానికడ నిలుచువాని పని వేరు. కోరంగియు రంగూనును ఇంచుమించుగ నొకే యక్షాంశముపై, భూమధ్యరేఖకు 17 అంశల కొంచెము తక్కువగ ఉత్తరమున నున్నవి. కావున ధ్రువుడు రెండుచోట్లను ఒకే యెత్తున కానవచ్చును. ముడులు వేసిన త్రాడు గల చిన్న పలకను కంటికెదురుగ పట్టి ఆ యెత్తును కొలుచు సాధనము హిందూసముద్రపు నావికులకు చిరకాలమునుండి తెలియును. ధ్రువుని ఆ యెత్తుననే యుంచుకొని తూర్పునకు నడచినచో బర్మా పడమటి తీరము తగులును. అచ్చటనుండి దక్షిణమునకు దిగి, నెగ్రాయిస్ అగ్రమును చుట్టి, రంగూను నదిని చేరవలెను. అంతయు కలిసి 800 నాటికల్ మైళ్లకు పైచిలుకు. గట్టు దగ్గరైన కొలది సీసపు గుండు కట్టిన త్రాడు దింపి లోతు చూతురు. గుండు అడుగున మైనము మెత్తి, దాని కంటివచ్చిన బురదయో యిసుకయో చూచి చోటు గుర్తింతురు. ఖగోళశాస్త్రము చదివిన మేము ధ్రువుని ఆకాశపటములో చూపగలము. బురద చూచి ఊరు చెప్పు విద్య మాకు లేదు.

భోజన మేమందురా? బియ్యము, పప్పు, ఎండుచేప, ఉప్పు, చింతపండు, కొంచెము నూనె. మంచినీరు కొలతపై. స్నానము ఉప్పునీటనే. పొయ్యి ఒక మూల, ఇసుక పోసిన పెట్టెలో. గాలి హెచ్చినచో నిప్పు ఆర్పివేయవలెను, ఆనాడు చద్దియే గతి. కూరగాయలు లేని దీర్ఘయాత్రలో చిగుళ్లు వాచి పండ్లు కదలు వ్యాధి నావికులను వెంటాడెడిది. నిమ్మరసము దానికి మందని 1747లో జేమ్స్ లిండ్ అను వైద్యుడు పరీక్షించి చూపెను. మన కళాసీ చింతపండును వెంటగొనిపోయినది రుచికొరకే గాని వైద్యముకొరకు గాదు. పదునైదు దినముల బర్మా యాత్రకు ఇవన్నియు చాలును. నెలలకొలది సాగు సీమయాత్రకు చాలవు.

ఋతువు నెరిగి నడచుట ప్రాణరక్షణ. చెన్నపట్టణపు కోటలో అక్టోబరు మధ్యనుండి డిసెంబరు మధ్యవరకు ధ్వజమును దింపి, ఓడలు తీరమున నిలువరాదని సూచించెడివారు. కోరంగికి ఋతువు తప్పిన దెబ్బలు తగిలినవి. 1789 డిసెంబరులో సముద్రము మూడు పెద్ద అలలుగ వచ్చి ఆ రేవును ముంచెను. దాని వృత్తాంతమును తరువాత కలకత్తాలో నున్న హెన్రీ పిడ్డింగ్టన్ తన గ్రంథమున నెక్కించెను. తుపానునకు సైక్లోను అను పేరు పెట్టినవా డాయనయే. 1839 నవంబరులో మరియొకటి వచ్చెను. అందు ఇరువదివేల ఓడలు మునిగినవనియు మూడులక్షల జనులు మరణించిరనియు పుస్తకమునుండి పుస్తకమునకు వ్రాయుచున్నారు. చిన్న రేవులో ఇరువదివేల ఓడలు ఎట్లు పట్టునో వ్రాసినవారు ఆలోచింపలేదు. చచ్చినవారి సంఖ్యను పెంచినచో వారికి గౌరవము చేసినట్లు కాదు. రేవు పాడగుటకు తుపాను లెంత కారణమో, గోదావరి తెచ్చిపోసిన యొండ్రు మట్టియు అంత కారణము. ఓడలు క్రమముగ కాకినాడకు తరలెను.

కంపెనీ ఓడలపై సీమకు పోయిన కళాసీల కథ దుఃఖకరము. రేవులలో సారంగులు ముందుగ అప్పిచ్చి మనుష్యులను సమకూర్చెడివారు. జీతములో వారి వంతు ముందే విరిగిపోయెడిది. ఆంగ్ల నావికుని జీతములో కళాసీకి వచ్చునది అయిదవ వంతు మొదలు మూడవ వంతు వరకు మాత్రమే. నూలుపంచెతో గుడ్‌హోప్ అగ్రముకడి చలిని దాటి లండనులో దిగినవారిని, మరల ఓడ దొరకువరకు ఎవ్వరును పట్టించుకొనెడివారు కారు. వీధులలో ఆకలికిని చలికిని చనిపోయినవారు కలరు. వారిని తిరిగి స్వదేశము చేర్చు భారమును 1823 నాటి చట్టము ఓడల యజమానులపై మోపెను. లండనులో లైమ్‌హౌస్ పేటలో 1857లో వారికొక వసతిగృహము తెరువబడెను. చట్టము మోటుపల్లి శాసనము వంటిదే. ఎంతవరకు నడచినదో నడిపినవారికే తెలియును.

1856లో బంగాళాఖాతమున పొగయోడల కంపెనీ పుట్టెను. 1869లో సూయజు కాలువ తెరువబడెను. గాలికొరకు కాచుకొను ఓడకు కాలము తీరెను. కోరంగి, కాకినాడల యోడలు కొంతకాలము ఉప్పు, పొగాకు, బియ్యము మోసి క్రమముగ తగ్గిపోయినవి. తెరచాప లాగిన కళాసీల కుమారులు పొగయోడ అడుగుతట్టున ప్రయాణికులై రంగూనునకు కూలికి పోయిరి. 1942లో యుద్ధభయమున వేలకొలది కాలినడకను అడవులు దాటి తిరిగివచ్చిరి. అది వేరొక ప్రసంగమునకు తగిన విషయము.

తెరచాప విద్య పూర్తిగ నశించినదని మాత్రము అనరాదు. మన నౌకాదళమునకు తరంగిణి, సుదర్శిని యను మూడు కంబముల శిక్షణనౌకలు కలవు. వానిపై యువకులు నేటికిని కంబము లెక్కి చాపలు చుట్టుట నేర్తురు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి తారిణి యను 55 అడుగుల చిన్న తెరచాప నౌక ఆరుగురు స్త్రీలతో బయలుదేరి, భూగోళమును చుట్టి, 254 దినములకు, 2018 మే 21న తిరిగివచ్చెను. ఆ యార్గురిలో విశాఖపట్టణపు స్వాతియు, హైదరాబాదు ఐశ్వర్య బొడ్డపాటియు తెలుగువారు. హారన్ అగ్రముకడి మంచుగాలిలో వారును రాత్రి కావలులు కాచిరి. ఆరుగురే గనుక ఆ యోడపై సారంగు, తండేలు, భండారీ యను భేదము లేదు. చుక్కాని పట్టినవారే వంటయు చేసికొనిరి.